ముప్పై రెండో కుళాయి

మా ఈస్ట్ డోర్నీలో బలమైన చేతులు మూడే మూడు. రెండు లొవీనా టటిల్‌వి, మూడోది నాది, హోటల్ బండి తోలే ఏసా కుడిచెయ్యి. నా ఎడమచెయ్యి సంగతి పక్క ఊళ్లవాళ్లు చెప్పుకుంటారు కానీ, ఇది నా కథ కాదు.

ఊరంతా ఆమెను లొవీనత్త అనేవాళ్లు. ఆమెకు సొంత మేనల్లుడు ఒక్కడూ లేడు. వెర్మాంట్ కొండల్లో రాళ్లు తప్ప మరేదీ సరిగా పండని పొలంలో పుట్టింది. ఆ పొలంలో వాళ్ల నాన్న బంగాళాదుంపలు తవ్వితే గంపకు మూడు దుంపలు, మిగతాది రాయి. చూసి ఏరకపోతే రాళ్లే ఉడికేవని ఆమే చెప్పేది. మొగుడు ఎజ్రా అడవిలో చెట్లు కొట్టేవాడు. ఒకరోజు చెట్టు అతను అనుకున్న వైపు పడలేదు. ముప్పై నాలుగో ఏట ఒక ఇనుప పెనం చంకన పెట్టుకుని మా ఊరి హోటల్ వంటింట్లోకి వచ్చింది. ఇరవై ఏళ్లు అక్కడే ఉంది.

ఆమె వచ్చిన ఏడాదే పాత యజమాని హోటల్‌కి గ్యాసు యంత్రం పెట్టించాడు. పట్నంలోలా వీధి కింద గొట్టాలు వేసే కంపెనీ మా కొండల్లో ఎక్కడుంది? ఎవరింటికి వాళ్లే గ్యాసు చేసుకోవాలి. హోటల్‌కి నూరడుగుల దూరంలో, మంచు చొరబడనంత లోతున ఒక తొట్టి పాతారు. దాని నిండా పెట్రోలు. నేలమాళిగలో ఒక పెద్ద పీపా, దానిలో సగందాకా నీళ్లు, నీళ్లలో తిరిగే చక్రం. పైకప్పు దూలానికి కప్పీ, కప్పీ మీద తాడు, తాడుకి పాత ఇనుము నింపిన పెట్టె. ఆ పెట్టె మెల్లగా దిగుతుంటే చక్రం తిరుగుతుంది. చక్రం గాలిని తొట్టిలోకి నెడుతుంది. గాలి పెట్రోలు మీదుగా పోయి, దాని ఆవిరిని తాగి, గ్యాసై ఇంట్లోకి తిరిగొస్తుంది. గోడమీద కుళాయి విప్పి పుల్ల గీస్తే వెలుగు.

యంత్రం బిగించడానికి వచ్చిన మనిషి పూటంతా దాని గుణదోషాలు వివరించాడు. యజమాని వింటూ వింటూ కుర్చీలోనే నిద్రపోయాడు. చివరిదాకా విన్నది పక్కన రొట్టెపిండి పిసుకుతున్న లొవీనత్త ఒక్కతే. అలా యంత్రం ఆమెదైంది. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి హ్యాండిల్ తిప్పి పెట్టెను పైకెత్తేది. చీకటి పడగానే పొడుగాటి పుల్లతో దీపాలు వెలిగించేది, పడుకునేముందు ఒక్కొక్క కుళాయీ తన చేత్తోనే కట్టేది. ఇనప్పెట్టె బరువు ఆరువందల పౌండ్లు. నేను చెప్పేటప్పుడు తొమ్మిదివందలు అంటుంటాను, వినేవాళ్లు ఎలాగూ మూడువందలు తగ్గించుకుంటారు కదా.

పాతాయన పోయాక హోటల్ ఓరిన్ పీస్లీ కొన్నాడు. నదీతీరపు పట్నంలో పెరిగినవాడు, ముప్పై అయిదేళ్లుంటాయి, కాలరు ఎప్పుడూ తెల్లగా ఉండేది. మంచివాడే. కానీ అతనికి తెలిసిన గ్యాసు వేరు. కుళాయి విప్పితే వస్తుంది, ఆగితే కంపెనీవాడు చూసుకుంటాడు. వంటమనిషి అతిథుల ముందు మసిచేతులతో నేలమాళిగలోంచి ఎక్కి రావడం అతనికి నచ్చలేదు. హ్యాండిల్ పీకి తన ఆఫీసు గదిలో పెట్టుకున్నాడు.

"ఇకమీదట నేనే తిప్పుతాను లొవీనమ్మా, మీరు వంట చూసుకోండి," అన్నాడు.

"తిప్పడం గాడిద కూడా తిప్పుతుంది పీస్లీ గారూ. ఎప్పుడు తిప్పాలో తెలియాలి," అంది ఆమె.

మార్చిలో ఊరి సభకు ముందురోజు మా హోటల్లో పాకం విందు జరుగుతుంది. కొండమీది వాళ్లందరూ మంచుబళ్లు కట్టుకుని దిగుతారు. మేపుల్ చెట్టు రసం కాచిన వేడి పాకం మంచు మీద పోస్తే జిగురుగా గట్టిపడుతుంది. దాన్ని ఫోర్కుకి చుట్టుకుని తింటూ, తీపి మొహం మొత్తినప్పుడల్లా ఉప్పులో ఊరిన దోసకాయ ముక్క కొరుకుతూ, మళ్లీ పాకం తింటూ ఫిడేలు పాటకి చిందులేస్తారు. ఆ ఏడు అరవై మంది వచ్చారు. అందులో నలభైమందిని నా బండిలోనే దించాను, ఒకే విడతలో, గుర్రాలు నవ్వుకుంటూ లాగాయి.

మామూలు రోజు పది దీపాలు వెలుగుతాయి. ఆ సాయంత్రం లొవీనత్త ముప్పై రెండు వెలిగించింది. నాట్యశాలలో పద్దెనిమిది, భోజనాల గదిలో ఆరు, నడవల్లో అయిదు, వంటింట్లో రెండు. ఒక్కటి పైన తొమ్మిదో నంబరు గదిలో. అక్కడ గడియారాలమ్మే జోథమ్ క్రేన్ దిగాడు. ముసలాయన, జలుబుతో ముక్కు దిబ్బడేసింది, చెవులు ఎన్నడో పోయాయి. దీపం సన్నగా పెట్టమని చెప్పి, వేడి ఇటుక పక్కలో పెట్టుకుని, గడియారాలు ఎవరో ఎత్తుకుపోతారని లోపల గడియ వేసుకుని పడుకున్నాడు.

తొమ్మిది కొట్టగానే లొవీనత్త ఆఫీసు గది గుమ్మంలోకి వచ్చింది. నేను అక్కడే బూట్లు ఆరబెట్టుకుంటున్నాను.

"పెట్టె దిగిపోతుంటుంది. వెళ్లి తిప్పండి."

"మధ్యాహ్నం తిప్పానుగా. మీరే చెప్పారు, పన్నెండు గంటలు వస్తుందని."

"పది దీపాలకైతే పన్నెండు గంటలు. ముప్పై రెండింటికి ఎన్ని గంటలో లెక్క కట్టండి, చదువుకున్నారు కదా."

"చూస్తాను, చూస్తాను. ఈ పెద్దమనిషితో మాట్లాడుతున్నాను."

ఆ పెద్దమనిషి ఎవరో నాకు గుర్తులేదు. పది కొట్టకముందే దీపాలన్నీ ఒక్కసారి నీలంగా కుంగాయి. ఆపైన ఆరిపోయాయి.

నాట్యశాలలో నవ్వులు, ఈలలు. ఎవడో ఎవరినో ముద్దుపెట్టుకున్నాడు, ఎవరో ఎవరినో చెంపమీద కొట్టారు. మా కొండమీది వాళ్లందరిదీ నూనెదీపం అలవాటు. నూనెదీపం ఆరిందంటే ఆరిందంతే, దానికి కట్టేదేమీ ఉండదు. గోడమీది కుళాయి వైపు ఒక్క చెయ్యీ పోలేదు. అన్ని కుళాయిలూ బార్లా తెరిచే ఉన్నాయి. ఇప్పుడు యంత్రం మళ్లీ తిరిగితే ముప్పై రెండు నోళ్లలోంచీ వెలగని గ్యాసు ఆ జనం మీదికి వస్తుంది. జేబుల్లో అందరికీ అగ్గిపెట్టెలున్నాయి.

"పుల్ల గీశారంటే వేళ్లు విరుస్తాను," చీకట్లో లొవీనత్త గొంతు. "గోడ పక్కనున్నవాళ్లు, చెయ్యి పైకెత్తండి, కుళాయి దొరుకుతుంది, అడ్డంగా తిప్పండి. హానా, ఆ మూల నీది. డేవిడ్, ఫిడేలు కింద పెట్టు, నీ తలమీద ఒకటుంది."

"నా తలమీద ఏముంది అత్తా, జుట్టే లేదు," అన్నాడు ఫిడేలు డేవిడ్. అయినా తిప్పాడు.

ఒక్కొక్క కుళాయినీ తను వెళ్లి తడిమి చూసింది. నడవలు చూసింది. మేడమెట్లు ఎక్కింది.

ఈలోగా పీస్లీ హ్యాండిల్ పట్టుకుని నేలమాళిగలోకి పరిగెత్తాడు. లాంతరు పట్టుకుని నేనూ వెంట దిగాను. అతను తిప్పుతున్నాడు, తెల్ల కాలరు తడిసిపోయింది. పెట్టె దూలాన్ని తాకింది. అతను వదిలేశాడు. పీపాలో నీళ్లు గుడగుడమన్నాయి. ఆ చప్పుడు ఎన్నోసార్లు విన్నాను, అంత చెడ్డగా ఎన్నడూ వినిపించలేదు.

లొవీనత్త మెట్లమీద కనిపించింది. రొప్పుతోంది.

"ఆపండి. తొమ్మిదో నంబరు కట్టలేదు. గడియ వేసుంది. తలుపు బాదాను, లేవడు."

"ఒక్క కుళాయేగా," అన్నాడు పీస్లీ. "అరవైమంది చీకట్లో ఉన్నారమ్మా. ఏసాని పైకి పంపి లేపిస్తాను."

"నాయనా, విను. మిగతావన్నీ కట్టేశాను. ఈ యంత్రం ఊపిరంతా ఇప్పుడు ఆ ఒక్క నోట్లోంచే పోతుంది. ఆయనకి వాసన తెలియదు, చప్పుడు తెలియదు. లేవగానే ఏం చేస్తాడు? పుల్ల గీస్తాడు."

"దీన్ని మధ్యలో ఎలా ఆపుతారు? ఆపే పిడి ఎక్కడ?"

పిడి పీపా వెనక ఉంది. అది తుప్పుపట్టి బిగుసుకుపోయి రెండేళ్లయింది. అతనికి తెలియదు, ఆమెకు తెలుసు. ఆమె నడుముకి దోపుకున్న రొట్టెకత్తి తీసింది. రెండు కోతల్లో తాడు తెగింది. ఇనప్పెట్టె నేలను గుద్దుకుంటే ఇల్లు కదిలింది. పక్క ఊళ్లో చర్చి గంట దానంతటదే మోగిందని నేను అంటాను. కాదన్నవాడు వచ్చి రుజువు చెయ్యాలి.

"లాంతరు ఇక్కడే పెట్టెయ్, ఏసా. పైకి రా."

చీకట్లో మేడెక్కాం. తొమ్మిదో నంబరు తలుపు కిందనుంచి పెట్రోలు వాసన కాళ్లకు చల్లగా తగిలింది. ఆ గ్యాసు గాలికన్నా బరువు, నేలమీద పాకుతుంది. భుజంతో ఒక్క పోటు పొడిచాను, తలుపు ఊడింది. గడియ మేకు ముందే వదులైందని తర్వాత పీస్లీ అన్నాడు. అసూయ.

లోపల కిటికీలోంచి మంచు వెలుగు సన్నగా పడుతోంది. తలుపు అదురుకి మంచం కదిలినట్టుంది, ముసలాయన లేచి కూచున్నాడు. గుమ్మంలో రెండు నల్లటి ఆకారాలు.

"గడియారాల కోసమే వచ్చారురా దొంగల్లారా," అంటూ దిండు కింద చెయ్యి పెట్టాడు. అగ్గిపెట్టె గలగలమంది.

"వద్దు తాతా," అని అరిచాను. ఆయనకు ఎక్కడ వినిపిస్తుంది? మొదటి పుల్ల మంచం కోడుకి గీశాడు. దాని తల ఊడి ఎక్కడో పడింది, అంటుకోలేదు. ఆ క్షణంలో నేను చేసిన సాహసం గురించి చాలా చెబుతుంటాను. నిజానికి నా కాళ్లు అక్కడే ఉండిపోయాయి. ఆయన రెండో పుల్ల తీశాడు.

లొవీనత్త రెండంగల్లో మొహం కడుక్కునే బల్ల దగ్గరికి చేరింది. కూజా ఎత్తింది. పైన పేరుకున్న మంచుపెళ్లతో సహా కూజాడు నీళ్లు ఆయన నెత్తిన కుమ్మరించింది. పుల్ల, పెట్టె, గడ్డం, పరుపు అన్నీ తడిశాయి.

జోథమ్ క్రేన్ నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు.

"నేను స్నానం అడగలేదే," అన్నాడు.

ఆమె అప్పటికే గోడ దగ్గర కుళాయి కట్టేస్తోంది. నేను కిటికీ ఎత్తాను. మంచుగాలి లోపలికి విసిరికొట్టింది. ఆ గాలిలో, పని మిగిలుండగానే ఆమె కూచోవడం చూశాను. ఇరవై ఏళ్లలో అదొక్కసారే. మంచం అంచున కూచుని, తడిసిన ముసలాయన వీపు మీద తన శాలువా కప్పింది.

విందు ఆగలేదు. గుర్రాలశాల లాంతర్లన్నీ తెచ్చి కిటికీల్లో పెట్టాం. గుర్రాలు చీకట్లో ఉండి అలిగాయి, జనం మాత్రం ఇంకో రెండు బాల్చీల పాకం లాగించారు. మెట్ల కింద ఏం జరిగిందో పీస్లీ, లొవీనత్త, నేను తప్ప ఆ పూట ఎవరికీ తెలియదు. నేను ఎవరికీ చెప్పలేదు, తెల్లారేదాకా.

పొద్దున ఆమె మూట కట్టుకుని, పెనం చంకన పెట్టుకుని వంటింట్లో నిలబడింది. యజమాని తాడు కోసిన మనిషి పొమ్మనకముందే పోవడం మా దగ్గర ఎక్కడైనా మర్యాద. పీస్లీ వచ్చాడు. రాత్రంతా నిద్రపోలేదని మొహమే చెబుతోంది. ఒక చేతిలో హ్యాండిల్, భుజానికి కొత్త తాడు చుట్ట.

"ఇది ఎలా బిగించాలో నాకు తెలియదు," అన్నాడు.

"తెలియదని నాకు తెలుసు."

"రాత్రి నేను వదలకుండా ఉండాల్సింది."

ఆమె మూట కింద పెట్టింది. పెనం పొయ్యిమీద పెట్టింది. "ఆ కోటు విప్పండి. ముందు పీపా వెనకున్న పిడి తుప్పు గీకాలి. దానికి మీ చేతులు చాలు," అంది.

ఆ రోజు మధ్యాహ్నం దాకా ఇద్దరూ నేలమాళిగలోనే ఉన్నారు. ఆ సాయంత్రం నుంచి నెలరోజులు మా హోటల్ యజమాని చేతిలో వెలిగించే పుల్లతో వంటమనిషి వెనక గదిగదికీ తిరిగాడు. ఆమె కుళాయి చూపిస్తే వెలిగించేవాడు, పడుకునేముందు కట్టేవాడు, కట్టింది ఆమె మళ్లీ తడిమి చూస్తే పక్కకి తప్పుకునేవాడు. ఎదురుపడ్డ అతిథులు నవ్వేవాళ్లు. నేనైతే గట్టిగా నవ్వేవాణ్ణి.

జోథమ్ క్రేన్ మాత్రం మళ్లీ రాలేదు. పలక మీద రాసి చూపించినా ఆయన నమ్మలేదు. ఈస్ట్ డోర్నీ హోటల్లో ఒక పిచ్చి వంటమనిషి ఉందనీ, నిద్రపోయేవాళ్లకు మంచునీళ్ల స్నానం పోస్తుందనీ జిల్లా అంతా చెప్పుకుంటూ గడియారాలమ్మాడు. ఆ మాట విన్నప్పుడల్లా లొవీనత్త, "చెప్పుకోనీ, చెప్పడానికి ఉన్నాడుగా," అనేది.