ఏట్లో నిలబడిపోయిన మధ్యాహ్నం

మేము మనుబోలు స్టేషన్లో దిగింది మే నెల చివర, మిట్టమధ్యాహ్నం. చైనా యుద్ధం అయిన మరుసటి ఎండాకాలం. ఒక నాయక్, పదిమంది జవాన్లు. ఏటి మీది రైలువంతెనకు కాపలా. ప్లాట్‌ఫాం మీద దించిన ట్రంకుపెట్టెను మళ్లీ ఎత్తబోతే చెయ్యి చుర్రుమంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. నాది ఈ జిల్లానే, ఉదయగిరి వైపు. ఎండ నాకు కొత్త కాదు. అయినా ఆ ఎండకు దండం పెట్టాను.

ఊళ్లోవాళ్లు నన్ను యుద్ధం సంగతులు చెప్పమంటారు. ఏం చెప్పను, నా బొంద! శత్రువు ముఖం నేను చూడలేదు. నేను చూసింది ఆ వంతెన.

రైలుకట్ట కింద రెండు గుడారాలు. కట్ట పైన, వంతెన మొదట్లో, ఇసుకబస్తాలు పేర్చిన సెంట్రీ చోటు. కప్పు లేదు. ఇనుపటోపీ, రైఫిలు, ఒక నీళ్లసీసా. రెండు గంటలకొకసారి మనిషి మారాలి. బదులు మనిషి వచ్చి పక్కన నిలబడేదాకా ఉన్నవాడు కదలకూడదు. అది ఆర్డరు. ఏరంతా ఇసుకే. వరదలు కోసేసిన చోట, మూడో స్తంభం మొదట్లో మాత్రం ఒక మడుగు మిగిలింది. మెడలోతు నీళ్లు. అటునుంచి ఇటు పది బారలు ఈదవచ్చు.

నాయక్ కఠినమైన మనిషి. ఆ మడుగు దగ్గర ఆయన కూడా మెత్తబడ్డాడు.

"డ్యూటీ ఎక్కేముందు ఒక్కొక్కడే పోయి మునిగి రండి. మద్రాసు ప్యాసింజరు వంతెన దాటిందంటే బయట ఉండాల. తెలిసిందా?"

ఆ రోజు నాయక్ రేషను కోసం స్టేషన్‌కు పోయాడు. తక్కినవాళ్లు గుడారాల్లో సొమ్మసిల్లి పడుకున్నారు. పైన సెంట్రీ తిరునల్వేలివాడు. నా పక్క మంచం వాడిదే. నన్ను అన్నా అని పిలిచేవాడు, నా దగ్గరే తెలుగు నేర్చుకున్నాడు. ఒంటిగంటకు వాడిని దించాల్సింది నేను.

బట్టలన్నీ విప్పి కంపచెట్టు వెనక పెట్టి దిగాను. లంగోటా కూడా ఉతికి అక్కడే ఆరేశాను. మునిగాను, ఈదాను, వెల్లకిలా తేలాను. అబ్బా, ఏం సుఖం! రైలు దాటింది. బయటికి రాబోతుంటే ఆడవాళ్ల మాటలు వినిపించాయి.

పక్క ఊళ్లో చావుకు పోయి వస్తున్నారు. మైలస్నానం చేయకుండా ఇంట్లో అడుగు పెట్టరు కదా. ఆ చుట్టుపక్కల ఉన్న నీళ్లు ఇవే. ఏడెనిమిది మంది చీరలతోనే దిగారు. నేను గబుక్కున స్తంభం చాటుకు పోయాను.

ఒక్క మాట చాలు. "అమ్మా, ఇక్కడ మగమనిషి ఉన్నాడు, కాస్త అటు తిరగండి." అంతే. ఏడ్చి వచ్చిన ఆడవాళ్ల ముందు దిసమొలతో ఉన్నానని ఎట్లా చెప్పేది? పోతారులే అనుకున్నాను. వాళ్లు పోలేదు. వాళ్లకూ ఆ నీళ్లు హాయిగానే ఉన్నాయి. పోయినామె మంచితనం చెప్పుకుంటూ కూర్చున్నారు.

పైనుంచి కేక వినిపించింది.

"అన్నా! టైమైపోయె! రా అన్నా!"

ఒక పడుచు తలెత్తింది. "ఎవుర్నో పిలస్తా ఉండాడు పెద్దమ్మా, ఆ మిల్ట్రీ ఆయన."

"మనల్ని కాదులేమ్మే. నువ్వు మునుగు" అంది ముసలామె.

నేను పలకలేదు. మళ్లీ పిలిచాడు. గొంతు సన్నబడింది. ఆ తర్వాత పిలవలేదు. ఆ కేకలు ఆగినందుకు నాకు ప్రాణం కుదుటపడింది. థూ, నా బతుకు!

ఇనుపటోపీ కట్ట రాళ్ల మీద ఖంగుఖంగుమని దొర్లుతూ వచ్చి ఇసుకలో పడింది.

"అమ్మో, ఆ అబ్బయ్య పడిపోయినాడే! రాండే!" అని ముసలామె అందరికంటే ముందు పరిగెత్తింది. కాలే రాళ్ల మీద వట్టి కాళ్లతో, తడిచీరలతో ఎక్కేశారు వాళ్లు.

మడుగు ఖాళీ అయింది. బయటికి వచ్చాను. బట్టలు తొడుక్కున్నాను. బూట్లు వేసుకున్నాను, బెల్టు బిగించాను. ఒక్క గుండీ కూడా వదలకుండా పెట్టుకున్నాను. అప్పుడు ఎక్కాను కట్ట.

వాడి తల ముసలామె ఒళ్లో ఉంది. చొక్కా విప్పేసి, తడికొంగులు ఛాతీ మీద, ముఖం మీద పిండుతున్నారు. వాడి ఒళ్లు పెనంలా ఉంది. రెండు చేతుల్లోనూ రైఫిలు అట్లాగే ఉంది, వాళ్లు ఎంత లాగినా వదలడంలేదు. నన్ను చూశాడు.

"అన్న వచ్చినాడు" అన్నాడు వాళ్లతో. అప్పుడు వదిలాడు.

బతికాడు. నెల్లూరు ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చినప్పుడు నాయక్ గట్టిగానే అడిగాడు, బదులు మనిషి ఎందుకు రాలేదని. "అన్న వచ్చినాడు సార్. నాకే కండ్లు తిరిగినాయి" అన్నాడు. నన్ను మాత్రం వాడు ఒక్క ముక్క అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

వానలు పడ్డాక మమ్మల్ని అక్కడినుంచి ఎత్తేశారు. సెలవు మీద ఇంటికి పోతే, బస్సు దిగుతుండగానే దేశాన్ని కాపాడి వచ్చాడని మెడలో దండ వేశారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ దండ వేస్తున్నంతసేపూ నా కళ్ల ముందు ఆ కట్ట మీది ముసలామే ఉంది. ఇప్పటికీ పోదు.

ఆ రోజు, వాడు వదిలిన రైఫిలు అందుకుని సెంట్రీ చోట నిలబడ్డాను. ఆమె తల ఎత్తి నా గుండీలు చూసింది. నా జుట్టులోంచి కారుతున్న నీళ్లు చూసింది. ఒకసారి ఏటి వైపు తిరిగి చూసింది. తెలిసిపోయింది ఆమెకు. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. వాడి తల పక్కనామె ఒళ్లోకి మార్చి, లేచి వచ్చి, పిండిన కొంగు చివర నా చేతికిచ్చింది.

"చెప్పుంటే మేం అటు తిరిగేవాళ్లం గదా నాయనా. తల తుడుచుకో. ఈ ఎండలో తడితలతో నిలబడితే నువ్వూ పడతావు."

తుడుచుకున్నాను.