మామ్మ మోకాళ్ళ నూనె

ఇవాళ మా సందు చివర ట్రాన్స్‌ఫార్మర్ కింద నేలంతా నూనెతో తడిసి ఉంది. ఆ వాసనకి మా మామ్మ మోకాళ్ళు గుర్తొచ్చాయి. మీ ఇళ్ళల్లోనూ ఉండేది కదా, నొప్పులకని మంచం కింద ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ సీసా?

నా చిన్నప్పుడు లైన్‌మన్ గారు అరుగు దగ్గరికొచ్చి, "ఎవరో నూనె తీసేస్తున్నారండి. అది తగ్గితే వేడెక్కి పేలిపోద్దండి" అన్నారు.

"ఎవరో పాపిష్ఠోళ్ళు బాబూ" అంది మామ్మ, మోకాళ్ళ మీద చీర సర్దుకుంటూ.

"ఆయ్. వాసన ఇక్కడిదాకా వస్తందండి" అన్నారాయన.

అప్పటినుంచీ ట్రాన్స్‌ఫార్మర్ పక్కన నడవాలంటే నాకు భయం. ఇవాళ ఎవరికీ చెప్పకుండా కరెంటాఫీసుకి ఫోన్ చేశాను. పేరడిగితే పెట్టేశాను. కాసేపటికి వాళ్ళు లైన్ ఆపేశారు. ఇంట్లో అందరూ ఉక్కపోతకి వాళ్ళని తిడుతున్నారు. నేనొక్కదాన్నే చెమట తుడుచుకుంటూ హాయిగా కూర్చున్నాను.