మందు కొట్టిండు

ద్వాళి తెలుగు మాట్లాడితే నెల్లికుదురు అంగట్లో జనం నవ్వేవారు. తండాలో పుట్టి పెరిగిన మనిషి. ఇంట్లో లంబాడీ మాట, బయట బతకడానికి తెలుగు. "ఏందమ్మా, గిది తెలుగేనా?" అని కూరగాయలమ్మేవాళ్లు ఆటపట్టిస్తే తనూ నవ్వి ఊరుకునేది. తమ తెలంగాణ మాటను సినిమాల్లో ఎగతాళి చేశారని మండిపడి రోడ్డెక్కిన ఊరే తండా మాట విని నవ్వింది. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

ఆమె మొగుడు టీక్యా. పెళ్లైన కొత్తలో ఇద్దరూ భూపాలపల్లిలో కరెంటు ప్లాంటు పనికి పోయి కాంక్రీటు మోశారు. తట్ట ఎత్తి ఆమె నెత్తిన పెడుతూ ఏదో ఒక పాట అందుకునేవాడు. తాగుడొక్కటి లేకపోతే వంక పెట్టలేని మనిషి. తాగొచ్చిన రోజు ద్వాళి లోపల గొళ్లెం పెట్టేది. అతను అరుగు మీద కూర్చుని తలుపుకే తన కష్టసుఖాలు చెప్పుకుంటూ నిద్రపోయేవాడు.

సకల జనుల సమ్మె మొదలయ్యాక, తెలంగాణ వచ్చేదాకా గుడుంబా ముట్టమని తండా అంతా తమ గురువు సేవాలాల్ మీద ఒట్టు పెట్టుకుంది. చాలామంది జారారు. టీక్యా నిలబడ్డాడు. "ఇగ ఆ గొళ్లెం ఊడబీకు" అన్నాడు పెళ్లాంతో.

ఆ రోజుల్లోనే జగపతి పత్తిచేనుకు పురుగు పట్టింది. జగపతి పెద్ద రైతు, సమ్మె సభల్లో ముందు వరుసలో కూర్చునే మనిషి. మందు కొట్టడానికి టీక్యాను పిలిచాడు. పంపు వీపు మీద కారుతోంది పటేలా అంటే, "దుకాణాలన్ని బంద్ ఉన్నయి, వాషర్ ఏడికెల్లి తేవాలె? జర చూసుకొని కొట్టు" అన్నాడు.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి టీక్యా తూలుతూ ఇల్లు చేరాడు. వీపంతా తడిసి ఉంది. నోట్లోంచి చొంగ, కళ్లలోంచి నీళ్లు. మాట ముద్దగా వస్తోంది. ద్వాళి దగ్గరగా వెళ్లి నోరు వాసన చూసింది. సారా కాదు. భుజం కింద చెయ్యి వేసి, రోడ్డు మీద చిన్న గదిలో సూదులు వేసే యాకయ్య దగ్గరికి నడిపించింది.

"ఏమైంది?"

"మందు కొట్టిండు సారూ."

తండా మాటలో సారాకు దారు అని వేరే పేరుంది. తెలుగులో చేనుకు కొట్టేదీ మందే, గొంతులో పోసుకునేదీ మందే. ఏ మందో వినేవాడు తేల్చుకోవాలి. యాకయ్య టీక్యాను ఎగాదిగా చూసి తేల్చేసుకున్నాడు.

"గది కనబడుతనే ఉన్నది గదా. ఒట్టు గిట్టు అంటిరి, ఏమాయె?"

"తాగలే సారూ. మందు కొట్టిండు."

"నేను గూడ గదే అంటున్న తల్లీ. మజ్జిగ తాపి పండబెట్టు, దిగుతది."

సూది వేసే మనిషి చెప్పాడు కదా అని ఆమె నమ్మింది. ఇంటికి తెచ్చి మజ్జిగ తాపింది. టీక్యా వణుకుతూ చలి అన్నాడు. తడిసిన చొక్కా మీదే గొంగడి కప్పి, అంచులు ఒంటి కింద దోపి, పక్కనే కూర్చుంది.

పొద్దు వాలేసరికి చర్మం కింద కండలు పురుగులు పాకినట్టు అదరసాగాయి. ఊపిరి గురగురమంది. టీక్యా తమ్ముడు హరిలాల్ ఆటో తెచ్చాడు. గొంగడితో సహా ఎక్కించి మానుకోట దారి పట్టారు. ఊరి బయట రాస్తారోకో. రాళ్లు అడ్డం పెట్టి కూర్చున్న పోరగాళ్లలో ఒకడు లోపలికి తొంగి చూశాడు.

"అన్నా, బంద్ నాడు గూడ సరుకు దొరికిందానే! ఏ దుకాణమో మాకు గూడ జర చెప్పు!"

అందరూ నవ్వారు. ద్వాళి ఆటో దిగింది. "దారు కాదు! పటేలు చేన్ల పురుగుల మందు కొట్టిండు! పురుగుల మందు!" తప్పో ఒప్పో, వచ్చిన తెలుగంతా పెట్టి అరిచింది. నవ్వు ఆగిపోయింది. ఆ పోరడే ముందు లేచి రాళ్లు జరిపాడు.

మానుకోట దవాఖానలో డాక్టరమ్మ టీక్యా కనుపాపలు చూసింది. అవి గుండుసూది మొనంత అయ్యాయి. చొక్కా కత్తిరించి తీయించి, ఒళ్లంతా సబ్బుతో కడిగించి, సూది మీద సూది వేసింది.

"తడిసిన అంగి ఎందుకు విప్పలేదమ్మా?"

"చలి అన్నడు. కప్పిన."

"తాగకపోయినా ఈ మందు ఒంటి తోలులకెల్లి ఎక్కుతదమ్మా. పురుగు నరాలను ఏం చేస్తదో మనిషి నరాలను గూడ అదే చేస్తది. చొంగ, చెమట, కన్నీళ్లు ఆగకుంట కారుతయి. ఊపిరితిత్తులల్ల నీరు నిండుతది. మనిషి మంచం మీదనే మునిగిపోతడు. జర ముందు తెస్తే..."

ద్వాళి తన చేతుల వంక చూసుకుంది. గొంగడి అంచులు దోపిన చేతులు.

తెల్లారాక టీక్యా పోయాడు.

శవం తండాకు చేరకముందే జగపతి మాట చేరింది. తాగి పనికొచ్చాడని, మూతికి గుడ్డ కట్టుకోమంటే వినలేదని. ఉన్నవాడు చెప్పిన మాట కనుక తండాలోనూ కొందరు తలలూపారు. కారే పంపు సంగతి ఎవరూ ఎత్తలేదు. మన పల్లెల్లో కూలీ చావుకు తాగుడును మించిన సాకు లేదు.

మధ్యాహ్నం రాస్తారోకో పోరగాళ్లు జెండాలు పట్టుకుని వచ్చారు. నిన్న ఆటోలోకి తొంగి చూసి నవ్వినవాడు తలొంచుకుని చెప్పాడు.

"అక్కా, అన్న తెలంగాణ కోసం పానం ఇచ్చిండని చెప్తం. ఊరంత కదిలొస్తది. తాగి సచ్చిండన్న మాట పోతది."

ద్వాళి టీక్యా మొహం మీది ఈగను తోలింది.

"తెలంగాణ రావాలనే ఉండె ఆయనకు. దాని కోసం సావలే. తాగి గూడ సావలే. కూలికి పోయి, కారే పంపు మోసి సచ్చిండు. నేను కప్పినందుకు ఇంకింత సచ్చిండు. చెప్తే గది చెప్పున్రి. లేకుంటే పోన్రి."

అటువంటి చావుకు పోరగాళ్ల దగ్గర నినాదం లేదు. కొందరు మెల్లగా వెనక్కి జరిగారు. ఆ ఒక్కడు మాత్రం జెండా పక్కవాడికిచ్చి, హరిలాల్ వెనుక నిలబడి పాడె కొమ్ము భుజానికెత్తుకున్నాడు.

ద్వాళి అతన్ని వద్దనలేదు. అతని వైపు చూడనూ లేదు.