పులి మొక్కు

పార్సిల్ విప్పగానే కొత్త చెప్పుల దుకాణంలో అడుగుపెట్టినట్టు గుప్పుమని రబ్బరు వాసన. లోపల పసుపు మీద నల్లచారల పులి వేషం. భూపాలపల్లిలో అడవి జంతువులను కాపాడాలంటూ ఒక పరుగు జరుపుతున్నారనీ, చందా కట్టి నచ్చిన జంతువు వేషంలో రావచ్చనీ మా బడిలో చెప్పినప్పుడు అందరికన్నా ముందు చేయెత్తింది నేనే. జుట్టు నెరుస్తున్న పంతులమ్మకు ఇదేం పిచ్చి అని మానుకోటలో మా ఇంటిల్లిపాదీ నవ్వారు. పిచ్చి కాదు, కుళ్లు. మా తమ్ముడు సమ్మయ్య మీద చిన్నప్పటి నుంచి పెంచి పోషించుకున్న కుళ్లు.

జఫర్‌గఢ్ దగ్గరి మా ఊళ్లో బతుకమ్మ, దసరా వాటి కాలానికి అవి వచ్చేవి. మొహర్రం నాటి పీరీల పండుగ మాత్రం కొన్నేళ్లు పత్తిచేలు బురదగా ఉన్నప్పుడు, కొన్నేళ్లు మామిడికాయలు ఉప్పుకారం అద్దుకుని తినే ఎండల్లో, కొన్నేళ్లు వణికించే చలిలో, తన ఇష్టం వచ్చినప్పుడు వచ్చేది. ఊదు పొగ, రంగురంగుల దట్టీ గుడ్డలు కట్టిన పీరీలు, గుంటలో కణకణలాడే నిప్పులు, రొట్టెలను బెల్లంతో కలిపి దంచిన మలీద ముద్దలు, తెల్లవార్లూ డప్పులు; ముస్లింల ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్నా పండుగ ఊరందరిదీ. అన్నిటికన్నా మాకు పెద్ద సంబరం పెద్దపులి వేషం.

ఆ వేషం ఎవరు పడితే వాళ్లు కట్టడానికి లేదు. మా ఊళ్లో పులి కావాలంటే ముందు జబ్బు పడాలి. చావు దాకా వెళ్లిన కొడుకు బతికితే పులి వేషం కట్టిస్తానని తల్లి పీరీకి మొక్కుకునేది. సమ్మయ్య పుట్టినప్పటి నుంచీ ఆయాసం మనిషే. అవ్వ మొక్కింది, వాడు బతికాడు, ఏటేటా పులి అయ్యాడు. ఎడ్లబండ్లకు రంగులేసే మల్లయ్య తాత వాణ్ని అరుగు మీద నిలబెట్టి, పసుపు రంగుపొడి కొబ్బరినూనెలో కలిపి ఒళ్లంతా పూసి, దీపం మసితో చారలు దిద్ది, నడుముకు తాడు కట్టి, నోట్లో నిమ్మకాయ పెట్టేవాడు. డప్పు పడగానే ఆ పుల్లకట్టె పోరడు మోకాళ్లు వంచి, ఒక భుజం లేపి, మెడ మెల్లగా తిప్పి చూసేసరికి గడపల్లోని ముసలమ్మలు కూడా వెనక్కి జరిగేవాళ్లు. ఇంటింటా బియ్యం పోయించుకుంటూ చేట పట్టుకుని వాడి వెనక నడిచేది నేను. కడుపు భగభగ మండేది.

నాకు జబ్బంటూ వస్తే కదా! "నా బిడ్డ పానం రాయి లెక్క, తుమ్మన్న తుమ్మది" అని అవ్వ వాడకట్టంతా గొప్పలు చెప్పేది. నేను వానలో తడిసి తల తుడుచుకునేదాన్ని కాదు, పచ్చి చింతకాయలు పళ్లు పులిసేదాకా తినేదాన్ని, తడి జడతోనే పడుకునేదాన్ని. ఎట్టకేలకు ఓ పీరీల పండుగ ముందు ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చింది. మూలుగుతూనే చెవులు రిక్కించాను. అవ్వ పీరీల కొట్టం వైపు తిరిగి దండం పెట్టింది.

"నా బిడ్డకు పానం మంచిగైతే మలీద సదివిస్త సామీ."

"పులి... పులి మొక్కవే అవ్వా" అన్నాను.

"ఆడివిల్లకు పులేందే? నలుగురు నవ్వరా? పండుకో."

జ్వరం తగ్గింది. పీరీల ముందు మలీద పెట్టి చదివించారు. అందులో సగం పులిగారే మెక్కారు.

అందుకే ఈ పరుగుకు సమ్మయ్యను పనిగట్టుకుని పిలిచాను. వాడిప్పుడు భూపాలపల్లిలోనే బొగ్గు బాయి పనిలో ఉన్నాడు. డ్యూటీ దిగి, కళ్ల చుట్టూ మసితోనే వచ్చి రోడ్డు పక్కన నిలబడ్డాడు. ఏనుగులు, నెమళ్లు, ఎలుగుబంట్లతో కలిసి వాడి ముందు నుంచే పరుగెత్తాను, చూసి కుళ్లుకోవాలని. పరుగు అయిపోయిన చోట డప్పులు మోగుతుంటే ఆగలేక ఆడాను కూడా. పిల్లలు కిసకిసా నవ్వారు.

సమ్మయ్య దగ్గరికొచ్చాడు. "ఎగురుతున్నవేందే అక్కా? పులి ఎగురది. చూస్తది."

అని చొక్కా చేతులు మడిచి, మోకాళ్లు వంచాడు. ఒక భుజం లేచింది. మెడ మెల్లగా తిరిగింది. నవ్వులు ఆగిపోయాయి. జింక వేషంలో ఉన్న ఓ చిన్న పాప కెవ్వున అరిచి, పరుగెత్తుకొచ్చి నా వెనక దాక్కుని నా తోక గట్టిగా పట్టుకుంది. ప్యాంటూ చొక్కా వేసుకున్న మనిషికి భయపడి, పులి వెనక!

కాసేపటికే వాడు రొప్పుతూ మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నాడు. "ఇగ సాలే అక్కా. దమ్మొస్తుంది."

మల్లయ్య తాత పోయాడు. పండుగ ఇంకా వస్తుంది గానీ పిల్లలకు జ్వరమొస్తే జనగామ దవాఖానకు తీసుకుపోతున్నారు, బతుకుతున్నారు, మంచిదే. పులి మొక్కు మాత్రం ఎవరూ మొక్కడం లేదు. ఆ మెడ తిప్పడం మా ఊళ్లో ఇంకెవరికీ రాదు. వీడు ఆడలేక కూర్చుంటే ఆ పులి అయిపోయినట్టే. నా కడుపు చిన్నప్పటిలాగే మండుతోంది. కొన్న నీళ్ల సీసా మూత తీసి వాడి చేతిలో పెట్టాను.

"ఊపిరి పీల్చుకో. జరసేపాగి ఇంకొక్కసారి ఆడురా" అన్నాను.