బాలమ్మ బాణీ

కాప్రా చెరువు పక్క రోడ్డు మీద ఆకుకూరలు అమ్మే బాలమ్మతో బేరమాడేవాళ్లు తక్కువ. ధర తగ్గించమంటే "పోయి మాల్‌ల కొనుక్కో పో" అని మొహం మీదే అంటుంది. పక్కన టమాటాలు పెట్టుకునే కామాక్షి రోజూ తిట్టుకునేది. "ఆమె నోటికి జడిసి నా గిరాకీ సుత పోతున్నది" అని.

ఆ నోరే ఒకప్పుడు జనాన్ని లేపి నిలబెట్టింది. ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం నడిచిన రోజుల్లో బాలమ్మ పాడని ధర్నా టెంటు ఈ చుట్టుపక్కల లేదు. ఆమెకు పాటలు ఎవరూ రాసివ్వలేదు. నాట్లు వేస్తూ తల్లి పాడిన బాణీకి తనే మాటలు కట్టుకునేది. మల్కాజ్‌గిరి కుర్రాడు ఓంప్రకాశ్ పక్కన నిలబడి డప్పు కొట్టేవాడు. రైళ్లు ఆపిన రోజు ఇద్దరూ పట్టాల మీద కూర్చుని గొంతులు బొంగురుపోయేదాకా పాడారు. ఒకే పోలీసు వ్యానులో లాఠీ దెబ్బలు తిన్నారు. అతను ఆమెను అక్కా అని పిలిచేవాడు.

రాష్ట్రం వచ్చింది. ఓంప్రకాశ్ డప్పు వదిలేసి వేణుమాధవ్ అనే స్థానిక నాయకుడి వెంట చేరాడు. బాలమ్మ కూరల గంప దగ్గరే ఉండిపోయింది. అందుకు ఆమె ఎవరి దగ్గరా వాపోలేదు. కానీ ఎన్నికలప్పుడు ఒకరోజు ప్రచార ఆటో ఆ రోడ్డు మీదుగా వెళ్తుంటే చేస్తున్న బేరం వదిలేసి లేచి నిలబడింది.

"గడప గడపకొచ్చెనన్న, గల్లి గల్లి మెరిసెనన్న..."

బాణీ ఆమె తల్లిది. మాటలు వేణుమాధవ్‌ను పొగిడేవి. ఎవరో స్టూడియో అమ్మాయి తీయగా పాడుతోంది. ఆ బాణీ వాళ్లకు ఎవరిచ్చారో బాలమ్మకు తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. నేరుగా పార్టీ ఆఫీసుకు పోయి, గుమ్మంలో ఓంప్రకాశ్‌ను పట్టుకుంది.

"మా అమ్మ పాటను అమ్ముకున్నవారా?"

"పాట ఎవలి జాగీరు కాదక్కా. గప్పుడు ఉద్యమానికి పనికొచ్చింది, గిప్పుడు అన్నకు పనికొస్తది. గింత దానికి ఏందీ పరేషాన్?"

"ఇంకోసారి నన్ను అక్కా అన్నవంటే చెప్పు తెగుతది" అని గుమ్మంలోనే ఉమ్మేసి వచ్చింది.

వేణుమాధవ్ గెలిచాడు. చెరువు చుట్టూ వాకింగ్ ట్రాక్, దాని వెంట తినుబండారాల స్టాళ్లు వస్తాయన్నారు. కూరలవాళ్లు ఖాళీ చేయాలన్నారు. ఎక్కడికి పోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఒక ఉదయం ఓంప్రకాశ్ తన మనుషులను, ఒక జేసీబీని వెంటబెట్టుకుని వచ్చాడు. బాలమ్మ గంప పక్కకు నెట్టి జేసీబీకి ఎదురుగా రోడ్డు మీద కూర్చుంది. గొంతెత్తి పాట అందుకుంది. భయంభయంగా ఇంకొందరు ఆడవాళ్లు వచ్చి వెనక కూర్చున్నారు. చివరికి కామాక్షి కూడా సణుక్కుంటూ వచ్చింది.

ఎదురు అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షుడు రామభద్రరావు కిందికి దిగి వచ్చాడు.

"ఏమ్మా, పొద్దున్నే ఈ గోలేంటి? ట్రాక్ వస్తే ఏరియాకే అందంగా ఉంటుంది కదా."

"నీకు నడిచే జాగ గావాలె, మాకు కూసునే జాగ గావాలె. నువ్వు నడవకుంటే సస్తవా సారూ? మేం కూసోకుంటే సస్తం."

"మర్యాదగా మాట్లాడు. పోలీసులకు ఫోన్ చేస్తాను."

"చెయ్యి. వాళ్లకు సుత వినిపిస్త."

పాట ఆగేలా లేదని ఓంప్రకాశ్‌కు అర్థమైంది. గెలిచాక కూడా వేణుమాధవ్ పనులు చాటుతూ తిరిగే ప్రచార ఆటో అక్కడే నిలిపి ఉంది. దాని డ్రైవర్‌కు సైగ చేశాడు. "ఫుల్ సౌండ్ పెట్టు. ఈమె గొంతు వినబడొద్దు."

మైకులో వేణుమాధవ్ పాట హోరెత్తింది. ఒక్క క్షణం ఆడవాళ్ల గొంతులు నిజంగానే మునిగిపోయాయి. బాలమ్మ పాట ఆపి విన్నది. తర్వాత రోడ్డు మీద అరచేత్తో దరువేస్తూ, ఆ మైకు తాళానికే తన మాటలు కలిపి అందుకుంది.

"గంప నెత్తికెత్తుకున్న, గల్లి గల్లి తిరుగుతున్న
కూసునే జాగడిగితే కూల్చవస్తివేందిరన్న!"

బాణీ ఒకటే కాబట్టి మాటలు అతికించినట్టు అనిపించలేదు. వెనకనున్న ఆడవాళ్లకు వెంటనే నోటికొచ్చేసింది. మైకులో పల్లవి తిరిగి వచ్చిన ప్రతిసారీ వాళ్లు దాని మీద ఎక్కి పాడారు. వేణుమాధవ్ డబ్బులిచ్చి చేయించుకున్న సంగీతం వాళ్ల పాటకు వాద్యమైపోయింది. బస్సు దిగినవాళ్లు, బడికి పోయే పిల్లల తల్లులు ఆగి ఫోన్లు పైకెత్తారు. ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఓంప్రకాశ్‌కు చెప్పుదెబ్బలా తగిలింది.

"బంద్ చెయ్‌రా!" అని డ్రైవర్ మీద అరిచాడు. మైకు ఆగింది. ఆడవాళ్లు ఆగలేదు.

అప్పుడతని మనుషులు గంపల మీద పడ్డారు. టమాటాలు కాళ్ల కింద చితికిపోయాయి. పోలీసులు వచ్చి బాలమ్మను రెక్క పట్టి జీపు ఎక్కించారు. అంతమంది చూస్తుండగా జేసీబీ మాత్రం ముందుకు కదల్లేదు.

సాయంత్రం బాలమ్మను స్టేషన్ నుంచి వదిలేసేసరికి ఆ వీడియో కార్ఖానా బస్తీ దాకా పాకింది. ఆటో ఏ వాడకు పోయినా, మైకు మోగగానే జనం బాలమ్మ మాటలు పాడుతూ వెక్కిరించడం మొదలుపెట్టారు. వేణుమాధవ్ ఆ పాట తీసేయించాడు. కూరలవాళ్లకు చెరువు రెండో వైపున జాగా చూపించారు, ఒక్క బాలమ్మకు తప్ప. కామాక్షి తనకు చూపించిన జాగా తీసుకుంది.

"నీ పాటతోని నా టమాటలు పోయినయ్. నీ కోసం నేను జాగ సుత పోగొట్టుకోవాల్నా?" అంది.

ఆ తర్వాత బాలమ్మ కామాక్షితో మాట్లాడలేదు. గంప నెత్తిన పెట్టుకుని కాలనీల్లో తిరిగి అమ్మడం మొదలుపెట్టింది. ఎక్కడైనా కూలీలు టెంటు వేశారని కబురొస్తే గంప దించి పోయి పాడి వస్తోంది.

నాయకుడి దగ్గర పలుకుబడి పోగొట్టుకున్న ఓంప్రకాశ్ ఒకసారి మల్కాజ్‌గిరి సందులో ఆమెకు ఎదురుపడ్డాడు.

"నా బతుకు ఆగం చేసినవ్."

"ఇంకా చెయ్యలే. జరుగు, నా తొవ్వకు అడ్డమున్నవ్" అంది బాలమ్మ. అతను గోడకు ఒదిగి దారిచ్చాడు.