అడగని మైనపు దిమ్మ

నేను ఎవరి మీదైనా ఫిర్యాదు చేయగలను. నా మీద ఒక్కటి, ఇన్నేళ్ళుగా చేయలేకపోయాను. మీరు నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

తమ్ముడికి ఊపిరితిత్తుల క్యాన్సర్ అని మెట్టుగూడలో మా ఇంటి దగ్గరి ఆసుపత్రిలో తేలింది. సూదితో ముక్క తీసి పరీక్ష చేశారు. రిపోర్టు కోసం నిలబడితే కౌంటర్లో ఉన్న అమ్మాయి అందరి ముందూ, “ఓ పెద్దమ్మా, జెర పక్కకు జరుగు. నీ ఒక్కదానికేనా తొందర?” అంది. నాకప్పటికి యాభై నిండలేదు. ఇక ఈ గడప తొక్కనని అక్కడే ఒట్టు పెట్టుకున్నాను. చిన్న మాటే. చిన్న మాటలు మరిచిపోయే అలవాటు నాకు లేదు.

తర్వాత వేరే ఆసుపత్రిలో చూపించిన పెద్ద డాక్టరు, ఏ మందు ఇవ్వాలో తేల్చే ముందు జన్యు పరీక్ష చేయాలన్నారు. గడ్డలో ఒక రకం మార్పు ఉంటే కీమో బదులు మాత్రలే పనిచేస్తాయట. కొత్తగా సూది గుచ్చక్కర్లేదు. ముందు తీసిన ముక్కను మైనపు దిమ్మలో భద్రంగా దాస్తారు, ఆ మొదటి ఆసుపత్రిలో అడిగి తెస్తే చాలన్నారు. తెస్తానన్నాను. ఆటోలో గేటు దాకా వెళ్ళాను కూడా. అద్దాల తలుపులోంచి కౌంటర్లో ఆ అమ్మాయే కనిపించింది. దిగకుండా అదే ఆటోలో మౌలాలి, తమ్ముడింటికి వెళ్ళిపోయాను.

“ఇయ్యం పో అన్నరురా,” అన్నాను.

“నువ్వు అడిగితే సుత ఇయ్యలేదా? గట్లయితే ఇంకెవ్వరికీ ఇయ్యరు తియ్యక్కా,” అని దగ్గుతూనే నవ్వాడు.

మళ్ళీ సూది గుచ్చారు. ఈసారి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరింది. పక్కటెముకల మధ్య గొట్టంతో మంచాన పడ్డాడు. మందు ఆలస్యమైంది. వాడు మూలిగినప్పుడల్లా నేను ఆ ఆసుపత్రిని తిట్టాను. కోపంతోనా? లేక నా లోపలి మాట నాకు వినపడకుండా ఉండడానికా? ఇప్పటికీ తేల్చుకోలేదు.

పరీక్షలో ఆ మార్పు దొరికింది. మాత్రలతో దగ్గు తగ్గింది, ఆయాసం తగ్గింది. మొన్న మౌలాలి గుట్ట మెట్లు ఆగి ఆగి పైదాకా ఎక్కి, అక్కడినుంచి ఫోన్ చేసి గొప్పలు పోయాడు. మాత్ర ఎన్నాళ్ళు పనిచేస్తుందో డాక్టరు చెప్పలేదు. ఆగిపోతే మళ్ళీ పరీక్ష చేసి ఇంకో మందు వెతుకుదామన్నారు. మాకది చాలు.

బంధువులొస్తే మాత్రం, దిమ్మ కోసం మా అక్క ఎంత కొట్లాడిందో అని మొదలుపెడతాడు. నేను కాదనను. ఒకసారి సెక్యూరిటీ వాళ్ళు నన్ను గెంటేశారని కూడా కలిపాను.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది వాడి చేతిలో ఉంది. ఆదివారం వాడితో ఆ మెట్లెక్కుతాను. వాడి ముఖం చూస్తే నోరు పెగులుతుందో లేదో. అందుకే ముందు ఇక్కడ చెప్పుకుంటున్నాను.

వాళ్ళు కాదనలేదు. నేను అడగనే లేదు.