బొగ్గు కాని నలుపు

వీరేందర్‌కు తన చర్మం మీద ఉన్నంత ప్రేమ మరెవరి మీదా లేదు. భూపాలపల్లిలో గని ఆఫీసు గుమాస్తా అతను. కార్మికుల హాజరు కంప్యూటర్‌లో ఎక్కించడం పని. కిటికీ అవతల బొగ్గు లారీలు మధ్యాహ్నాన్ని మసి చేస్తూ పోతుంటే, ఇవతల ఫ్యాను గాలిలో అతను పాల మీద మీగడలా కూర్చునేవాడు. చిన్నప్పుడు దేవరుప్పుల చుట్టాలు ‘ఎర్ర పిల్లగాడు’ అని ముద్దు చేశారు. ఆ మాటను అతను ఒక పదవిలా స్వీకరించాడు. నలభై దాటినా రాజీనామా చేయలేదు.

ఆ రంగు తల్లిది. ఉద్యోగం తండ్రిది. సోమనర్సయ్య బతుకంతా భూమి కింద బొగ్గు కొట్టి, ఊపిరితిత్తులు పాడై ఇంటికొస్తే ఆయన బదులు కొడుక్కి ఆఫీసు కొలువు దక్కింది. వీరేందర్ సొంతంగా సంపాదించుకున్నది ఒక్క చిన్నచూపు మాత్రమే. తండ్రి ముంజేతుల మీద నీలి గీతలు ఉండేవి. రాయి తగిలి చర్మం చీరినప్పుడల్లా బొగ్గు పొడి లోపలే ఉండిపోయి గాయం మానిన గుర్తులు. సాయంత్రపు ఆకాశం నుంచి రాలిన దారాల్లా ఉండేవి. ఆఫీసువాళ్లు ఎవరైనా ఇంటికొస్తే ‘‘బాపూ, చొక్కా తొడుక్కో’’ అనేవాడు కొడుకు. చేతులు కనపడొద్దని.

అలాంటివాడు నల్లబడటం మొదలైంది.

ముందు వేళ్ల కణుపులు. తర్వాత అరచేతుల్లోని గీతలు, సిరా పీల్చిన కాగితంలా. ఆ తర్వాత మోచేతులు, మెడ, కడుపు మీది పాత ఆపరేషన్ మచ్చ. భూపాలపల్లిలో నలుపుకు కారణం వెతకాలని ఎవరికీ తోచదు. ఓపెన్‌కాస్ట్ గనిలో పేలుడు జరిగిన కాసేపటికి ఆరేసిన బట్టల మీద, తులసి ఆకుల మీద, మూత పెట్టని అన్నం మీద సన్నటి చీకటి వచ్చి వాలుతుంది. ఊళ్లో అందరూ కడుక్కునే నలుపే కదా అనుకున్నాడు వీరేందర్. కడుక్కున్నాడు. పీచుతో రుద్దాడు, నిమ్మచెక్కతో రుద్దాడు, టీవీలో నవ్వే అమ్మాయిల క్రీములన్నీ పూశాడు. కిటికీల సందులకు టేపు అంటించాడు. బట్టలు బయట ఆరేసిందని భార్య తిరుమల మీద అరిచాడు. ఇంకా తగ్గకపోయేసరికి అతని కళ్లు తండ్రి మీద పడ్డాయి.

‘‘బాపు ఒంట్ల బొగ్గున్నది. గదే పరుపులకు, దుప్పట్లకు అంటుతున్నది. మంచం వరండల ఎయ్యి’’ అన్నాడు తిరుమలతో.

సోమనర్సయ్య దగ్గి, నవ్వి, మళ్లీ దగ్గాడు. ‘‘నేను గని ఇడిసిపెట్టి ఎన్నేండ్లాయెరా! నా ఒంట్ల గంత బొగ్గే ఉంటే కరెంటు ప్లాంటుకు అమ్ముకుందును గదా, నీ ఇంట్ల ఎందుకు పంటుంటి?’’

మంచం మాత్రం వరండాలోకి వెళ్లింది.

ఇంతలో వీరేందర్ చిక్కిపోయాడు. ప్యాంటు జారిపోతుంటే బెల్టుకు కొత్త బెజ్జాలు పొడిచి ‘‘సన్నబడ్డ, చూసినవా’’ అని మురిసిపోయాడు. పొద్దున లేస్తే వాంతులు. మంచం మీంచి లేస్తే కళ్ల ముందు ఇల్లంతా నీళ్లలో నీడలా ఊగేది. అన్నం సయించదు కానీ మామిడికాయ తొక్కు వేలితో తీసుకుని నాకేవాడు. ఒకసారి వంటింట్లో నిలబడి ఉత్త ఉప్పు నోట్లో వేసుకుంటుంటే తిరుమల చూసింది.

‘‘గిదేం తిండి? పశువుల లెక్క ఉప్పు నాకుతున్నవ్. దవాఖానకు పోదాం పా.’’

‘‘ఉప్పు తింటే దవాఖాననా? నీకు తెల్వదు, ఊకో.’’

శరీరం లోపలి నుంచి తలుపు బాదుతుంటే అతను బయట నిలబడి తలుపుకు రంగు వేసుకుంటున్నాడు.

బస్టాండు పక్కన ఐలమ్మ అనే ఆవిడ కొత్తగా టీ బండి పెట్టింది. ఒక సాయంత్రం అతను ఇస్త్రీ చొక్కాతో, సెంటు వాసనతో అక్కడికి వెళితే, ఆమె చేతిలో గ్లాసు పెడుతూ ప్రేమగా అంది: ‘‘ఏ గనిల చేస్తవ్ బిడ్డా? షిఫ్టు దిగి మొకం గూడ కడుక్కోకుంట వచ్చినవ్. బగ్గ అలిసినట్టున్నవ్, ఇంకో బిస్కెట్ తిను.’’

అతను టీ తాగకుండా లేచి వచ్చేశాడు. తనకు తిండి పెట్టే గని మనుషుల చెమట మీద బతుకుతూ, ఆ మనుషుల్లో ఒకడిలా కనిపించడమే అతనికి జరిగిన ఘోరమైన అవమానం. ఇంటికొచ్చి ఆ కోపమంతా తిరుమల మీద కక్కాడు. ఇల్లు మసి అట, ఆమె మసి అట, ఆమె జఫర్‌గఢ్ పుట్టింటివాళ్లంతా మసే అట. గొంతు చించుకుని అరుస్తుంటే నోరు పూర్తిగా తెరుచుకుంది. తిరుమల తిట్లు వినడం మానేసి ఆ నోట్లోకి చూసింది.

‘‘అట్లనే తెరువు. మూయకు’’ అంది.

‘‘ఏందే?’’

చిగుళ్ల మీద, బుగ్గల లోపల, నేరేడు పళ్లు తిన్నట్టు నల్లనీలి మచ్చలు. ఏ గాలీ, ఏ దుమ్మూ చేరని చోట. ఇది బొగ్గు కాదు. ఈ మనిషి లోపల ఏదో పోతోంది.

చెబితే నమ్మడని తెలుసు. అందుకే వేరే మాట చెప్పింది: ‘‘జనగామల తోలు డాక్టరమ్మ ఉన్నదట. మా జఫర్‌గఢోళ్లు పోతరు. మంచి క్రీమిస్తదట.’’

ప్రాణం కోసం కదలనివాడు క్రీము కోసం పొద్దున్నే బస్సెక్కాడు. ముఖానికి మాస్కు, ఒంటికి నిండు చేతుల చొక్కా. ఎండ కిటికీలోంచి పడుతుంటే తిరుమలను ఆ వైపు కూర్చోబెట్టాడు.

డాక్టరమ్మ అతని ముఖం చూడలేదు. అరచేతులు తిప్పి గీతలు చూసింది. కడుపు మీది మచ్చ చూసింది. నోరు తెరవమంది.

‘‘గనుల దుమ్ము మేడం’’ అన్నాడు.

‘‘దుమ్మా? బొగ్గు గింజలు నములుతున్నరా మీరు?’’

పడుకోబెట్టి బీపీ చూసింది. నిలబెట్టి మళ్లీ చూడబోయింది. పట్టీ బిగుసుకునేలోపే అతను తడిసిన గోడలా ఒరిగి తిరుమల భుజం మీద పడ్డాడు.

‘‘ఇది చర్మం జబ్బు కాదమ్మా’’ అంది డాక్టరమ్మ, అతణ్ని పడుకోబెట్టాక. ‘‘లోపలి జబ్బును చర్మం బయటపెట్టింది, అంతే. కిడ్నీల మీద టోపీల లెక్క రెండు చిన్న గ్రంథులుంటయి. ఒంట్ల ఉప్పును, బీపీని పట్టి ఉంచేవి అవే. అవి చచ్చుబడ్డట్టున్నయి. వాటిని లేపుదామని మెదడు కింది గ్రంథి ఒక హార్మోన్ ఎక్కువెక్కువ పంపుతది. ఆ నలుపు దానిదే. ఇవ్వాళనే వరంగల్ తీస్కపోండి. ఈ ఒంటికి చిన్న జ్వరమొచ్చినా మనిషి దక్కడు.’’

మంచం మీంచి సన్నటి గొంతు వినిపించింది: ‘‘మేడం, రంగు ఎప్పుడొస్తది?’’

డాక్టరమ్మ తిరుమల వైపు తిరిగింది. ‘‘పెండ్లై ఎన్నేండ్లాయె?’’

‘‘చానేండ్లాయె మేడం.’’

‘‘నీకు దండం పెట్టాలె’’ అని చీటీ రాసింది.

వరంగల్‌లో సెలైన్ ఎక్కించారు, సూదులు వేశారు. పరీక్షల్లో డాక్టరమ్మ మాటే నిజమైంది. క్షయ ఎప్పుడో దొంగలా దూరి ఆ గ్రంథులను తినేసిందట. క్షయకు కొన్ని నెలల మందులు. పోయిన గ్రంథుల బదులు మాత్రలు మాత్రం బతికినంత కాలం, ఒక్కరోజు కూడా మానకుండా. ఇంటికి రాగానే తిరుమల ఎవరినీ అడక్కుండా మామ మంచం లోపలికి తెచ్చింది. వీరేందర్ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తప్పయిందన్న మాట అతని నోట్లో మొలిచే రకం కాదు. ‘‘జర మంచిగున్నదా కొడుకా?’’ అని సోమనర్సయ్యే అడిగాడు.

నెలలు గడిచాయి. తెల్లవారే ఊరిలా అతని వేళ్లు మెల్లగా పాత రంగులోకి వచ్చాయి. సెల్ఫీలు మొదలయ్యాయి. తన పట్టుదల వల్లే నయమైందని ఆఫీసులో ప్రచారం కూడా మొదలైంది. ఆ వెంటనే మాత్రలు ఆగిపోయాయి. ఒక ఉదయం అతను గోడ పట్టుకుని బాత్‌రూమ్ నుంచి రావడం చూసి తిరుమల మాత్రల అట్ట వెతికింది. వేసుకోవలసిన మాత్రలు అట్టలో అలాగే ఉన్నాయి.

‘‘మాత్రలెందుకు మానినవ్?’’

‘‘రంగొచ్చింది గదా. ఇంకెందుకు?’’

‘‘మానితే చస్తవని చెప్పిన్రు గదా!’’

‘‘డాక్టర్లు గట్లనే భయపెడ్తరు.’’

‘‘నా మాటినరా, ఏసుకో’’ అన్నాడు సోమనర్సయ్య దగ్గుతూ. వీరేందర్ వినలేదు. చెమటలు పడుతున్నా, పెదాలు ఎండిపోతున్నా ఫోనులో తన ముఖమే చూసుకుంటున్నాడు.

తిరుమల బతిమాలడం ఆపేసింది. మంచం అంచున కూర్చుని, కూరగాయల ధర చెప్పినంత మామూలుగా అంది:

‘‘సరే, మానెయ్. మల్ల నల్లబడ్తవ్. ఈసారి వస్తే జన్మల పోదట ఆ నలుపు. డాక్టరమ్మ నాకు చెవుల చెప్పింది.’’

డాక్టరమ్మ అలాంటిదేమీ చెప్పలేదు.

ఫోను పక్కన పడింది. చావు పేరు చెబితే కదలని చేయి మాత్ర కోసం చాచుకుంది, నీళ్లు అందేదాకా కూడా ఆగలేదు. ఆ మధ్యాహ్నమే ఆమె అతణ్ని మళ్లీ వరంగల్ తీసుకెళ్లింది. ఈసారి కూడా దక్కాడు. ఇప్పుడు పొద్దున టీ కంటే ముందు తనే అడిగి వేసుకుంటాడు. రంగు మాత్ర అంటాడు దాన్ని. తిరుమల సరిదిద్దదు.